మరకలేని పత్రం

ఆ కాగితం మరీ శుభ్రంగా ఉంది. మొదట నాకు కిట్టనిది అదే.

మా పశువైద్య కళాశాలలో ప్రతి విద్యార్థీ వసంతంలో ఏదో ఒక గొర్రెల దొడ్డిలో మూడు వారాలు ఉండి, ఈనే గొర్రెలకు సాయం చేసి రావాలి. చివర్లో రైతు ఒక పత్రం నింపి సంతకం పెడతాడు. పదహారేళ్లుగా ఆ పత్రాలు నా బల్ల మీదికే వస్తున్నాయి. ఒక్కటీ తిన్నగా రాదు. గొర్రెపిల్ల బొడ్డుకు పూసే అయోడిన్ మరకో, టీ కప్పు అడుగు ముద్రో, పేడ వేలిముద్రో ఉండి తీరుతుంది. ఇక మాటలంటారా, మా స్కాట్లాండ్ సరిహద్దు కొండల రైతుల నోట మెప్పు రావడం గగనం. ‘పర్వాలేదు’ అని రాశారంటే ఆ విద్యార్థి బంగారమన్నమాట. ‘మరీ అడ్డం రాలేదు’ అన్నా సంతోషించాల్సిందే.

చివరి ఏడాది చదువుతున్న మోర్వెన్ గెడ్డెస్ తెచ్చిన పత్రం మీద మరక లేదు, మడత లేదు. అడుగున నీలిసిరాతో ఇలా ఉంది: ‘ఈమె అద్భుతమైన వైద్యురాలు. ఇంత దయగల మనిషిని నేను చూడలేదు.’ దాని కింద వాల్టర్ టర్న్‌బుల్ అని సంతకం.

ఇది ఆ అమ్మాయి సొంత రాతేనని తేల్చేసుకున్నాను. దొంగ పత్రమైతే మోర్వెన్ చదువు అక్కడితో సరి. చేయని పనిని చేశానని రాసుకునేవాళ్ల చేతికి నోరులేని జీవాలను అప్పగించలేం. అలాంటివాళ్లు ఈ వృత్తికి తగినవాళ్లా కాదా అని తేల్చడానికి మా దగ్గర ఒక సంఘం ఉంది. కేసు ఆ సంఘం ముందుకు వెళ్లాలా వద్దా అని ముందుగా తవ్విచూసే పని నాది. ఆ పని నాకే ఎందుకిచ్చారో అందరికీ తెలుసు. కళాశాలకు రాకముందు ఇరవై రెండేళ్లు ఊళ్లు తిరిగి వైద్యం చేశాను. ‘నిన్నటిదాకా బాగానే మేసింది డాక్టరమ్మా’ అని రైతు అన్నాడంటే, ఆ ఆవు మేత మానేసి వారమై ఉండేది. నేను ఎవర్నీ నమ్మను. దానివల్ల ఇంతవరకు నాకు నష్టమేమీ రాలేదు.

మోర్వెన్‌ను గదికి పిలిపించాను. ఎర్రజుట్టు, పగిలిన చేతులు, తక్కువ మాటలు.

“ఇది ఎవరు రాశారు?”

“మిస్టర్ టర్న్‌బుల్, మేడమ్.”

“కొండ మీది రైతు ఇంత తియ్యగా రాస్తాడా?”

“రాశారు కదా.”

“మూడు వారాలూ అక్కడే ఉన్నావా?”

“ఒక్కరోజు కూడా కదల్లేదు.”

“సరే, ఆయన్నే అడుగుతాను.”

అప్పటిదాకా తొణక్కుండా కూర్చున్న పిల్ల ఒక్కసారి ముందుకు వంగింది. “వద్దు మేడమ్. నన్ను ఏమైనా అడగండి. ఆయన్ని మాత్రం కదిలించకండి.”

అడగొద్దని ఎవరైనా అంటే నాకు అడిగేదాకా నిద్ర పట్టదు. మర్నాడు పొద్దున్నే కారు తీశాను.

వాల్టర్ టర్న్‌బుల్‌కు డెబ్బై ఏళ్లుంటాయి. వంటింట్లో కూర్చోబెట్టి టీ పోశాడు. పత్రం చూపించి, ఇది మీరే రాశారా అన్నాను.

“నేనే.”

“అదే వాక్యం ఇక్కడ ఇంకోసారి రాయండి.”

“ఇదేంటమ్మా, ఈ వయసులో నాకు కాపీ రాయించడం!” అంటూనే రాశాడు. అవే వాలు అక్షరాలు, అదే వణుకు. దొంగ సంతకం సంగతి తేలిపోయింది. నా అనుమానం మాత్రం పోలేదు. ఇంత పొగడ్త ఊరికే ఎందుకు రాస్తాడు? ఏం దాచడానికి?

“మీరంతా ‘పర్వాలేదు’ తోనే సరిపెడతారుగా. ఈ పిల్లకే ఇంత ఎందుకు?”

“ఎక్కువైందా?” కంగారుపడ్డాడు. “నాకేం తెలుసు డాక్టరమ్మా, ఇవన్నీ మా ఆవిడ జీనే రాసేది. ముఖ్యమైన కాగితం కదా అని గడ్డం గీసుకుని, టై కట్టుకుని మరీ రాశాను.”

“జీన్ గారు ఎక్కడున్నారు?”

“ఫిబ్రవరిలో పోయింది.”

అయ్యో అన్నాను. అన్నాక కూడా, దొడ్డి చూపించమని అడిగాను. గోడ మీద తేదీలు వేసి, చచ్చిన జీవానికొకటి చొప్పున సుద్దగీతలున్నాయి. మోర్వెన్ వచ్చిన తేదీ పక్కన అవి గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఆ తేదీ తర్వాత నాలుగైదు, అంతే.

“ఇన్ని ఎలా చచ్చాయి?”

ఆయన గోడతోనే చెబుతున్నట్టు చెప్పాడు. “జీన్ పోయాక నేను మంచం దిగలేదు. మేత వెయ్యలేదు. ఆ పిల్ల వచ్చేసరికి నలభై గొర్రెలు లేవలేక పడున్నాయి. కుక్క నా బూటు నములుతోంది.”

“ఆ పిల్ల ఏం చేసింది?”

“నన్ను తిట్టింది. అవతలి కొండ మీదివాళ్లకి వినపడి ఉంటుంది. తిట్టి, మేత వేసింది. నేనే చెప్పాను, పశువుల అధికార్లకి ఫోన్ చెయ్యి తల్లీ, వాటిని తోలుకుపోతారు, నీ మీదికీ ఏమీ రాదు అని. టిఫిన్ తిన్నాక చేస్తానంది. మర్నాడూ అదే మాట. మూడు వారాలైనా ఆ టిఫిన్ అవ్వలేదు.” నవ్వబోయి, మొహం తిప్పుకున్నాడు.

నేను గొర్రెల వెన్నులు తడిమి చూశాను. బక్కగానే ఉన్నాయి, కానీ మేస్తున్నాయి. పిల్లల పొట్టలు నిండుగా ఉన్నాయి. అరగంట వెతికినా తప్పు దొరకలేదు.

తిరుగుదారంతా ఒళ్లు మండిపోయింది. దొంగ సంతకం కోసం వెళితే అంతకన్నా పెద్దది బయటపడింది. ఆకలితో పడివున్న జీవాలను చూసి చెప్పవలసిన చోట చెప్పకపోవడం మా వృత్తిలో చిన్న తప్పు కాదు. కారు దిగుతూనే మోర్వెన్‌ను పిలిపించాను.

“నలభై గొర్రెలు చావుబతుకుల్లో ఉంటే చూసి, అధికార్లకి చెప్పలేదు. ఔనా?”

“ఔను మేడమ్.”

“ఎందుకు?”

“గొర్రెలు పోతే పొద్దున లేవడానికి ఆయనకి ఇంకేం ఉండదు. తుపాకీ బీరువా తాళంచెవి ఏదని రెండుసార్లు అడిగారు. అది నా మెడలో ఉంది.”

“మనుషుల డాక్టర్ని పిలవాలని తోచలేదా?”

“రెండో రోజే పిలిచాను. ఇప్పటికీ వారం వారం వస్తున్నారు. తాళంచెవి పక్కింటి రైతుకిచ్చి వచ్చాను.”

“నీ అంచనా తప్పితే? గొర్రెలూ పోయేవి, మనిషీ పోయేవాడు. అంతటిది తేల్చడానికి నువ్వెవరు?”

“ఎవర్నీ కాను. రోజూ పొద్దున అదే భయంతో లేచేదాన్ని.”

నేను ఫైలు తెరిచాను. “ఇదంతా రాయాలి. ఆయన పేరుతో సహా. ఇది పైకి వెళ్లాక అధికార్లు ఆ ఇంటికి వెళ్తారు. ఇక గొర్రెల్ని పెంచనివ్వకపోవచ్చు.”

ఆమె మొహంలో రంగు మారింది. “అయితే అది రాయకండి. పత్రం నేనే రాసుకున్నానని రాయండి. అసలు నేను అక్కడికి వెళ్లనే లేదు. సంతకం నాదే. చెప్పండి, ఎక్కడ పెట్టమంటారు?” అని నా కలం కోసం చెయ్యి చాపింది.

పత్రం చూసినప్పటి నుంచి నేను ఎదురుచూసిన మాట అదే. తీరా విన్నాక కలాన్ని వెనక్కి లాక్కున్నాను. ఐదేళ్ల చదువు, ఇంకో రెండు నెలల్లో పట్టా. తనకేమీ కాని ఓ ముసలాయన కోసం దాన్ని వదిలేసుకుంటోంది. జాలేసింది, అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది.

“నోరు మూసుకుని బయటికి నడు” అన్నాను.

ఆమె వెళ్లాక నివేదిక రాశాను. పత్రం రైతే రాశాడు, సంతకం నిజమైనదే, సంఘం ముందుకు పంపనక్కర్లేదు. అడుగున ఇంకో గడి ఉంది: విచారణలో తెలిసిన, తెలియజేయవలసిన ఇతర విషయాలు. ఒకసారి ఆ గడిని ఖాళీగా వదిలినందుకు మా తోటి అధ్యాపకుణ్ని అందరి ముందూ నిలదీశాను. ఇప్పుడు దాన్ని చూస్తూ ఒక టీ తాగాను, ఇంకోటి కూడా తాగాను. చివరికి ‘ఏమీ లేవు’ అని రాసి సంతకం పెట్టాను. చూసి కూడా చెప్పనివాళ్లం ఇప్పుడు ఇద్దరమయ్యాం. నన్ను విచారించమని ఏ సంఘానికీ నేను రాయలేదు.

జులైలో మోర్వెన్‌కు పట్టా వచ్చింది. నాకు మాత్రం ఒక అనుమానం మిగిలిపోయింది. ఆ తప్పుడు ఒప్పుకోలును నేను చచ్చినా రాయలేనని తెలిసే అలా అందా? నా గదిలో ఉన్న కాసేపట్లోనే నన్ను ఆ కొస నుంచి ఈ కొసదాకా చదివేసి, ఎక్కడ నొక్కితే వంగుతానో అక్కడే నొక్కిందా? పట్టాల రోజున ఎదురుపడింది, చెయ్యి కలిపింది. మాట నా నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే ఆ పిల్ల నిజమే చెబుతుంది.