మండేలా వెనక మూడో మనిషి

పుంగనూరు మగపిల్లల హైస్కూలు లోపలి గోడ మీద మండేలా పిడికిలి ఎత్తి, జైలు నుంచి బయటికొస్తూ నిలబడి ముప్పై అయిదేళ్లయింది. బొమ్మ గీసింది పెయింటరు అబ్దుల్ సత్తార్. అప్పట్లో బడివాళ్లు అతని చేతికిచ్చిన పేపరు ఫొటో అరచేయంత. అందులో మండేలా తప్ప వెనక జనమంతా మసక. ఏం చేస్తాడు పాపం, దక్షిణాఫ్రికా జనానికి బదులు పుంగనూరు జనాన్నే నిలబెట్టేశాడు. పాలు పోసే పాపన్న, సోమల బస్సు కండక్టరు, మూడో మనిషిగా తన భార్య మైమూన్ బీ.

ఆమెకు ఒళ్లు మండింది. మనిషి మొహాన్ని బొమ్మ గీయడమే తప్పని నమ్మిన మనిషి, జన్మలో ఫొటో దిగలేదు. "నన్ను చెరిపెయ్" అంది. సరేనన్నాడు. రేపు, మాపు అంటుండగానే జ్వరమొచ్చి ఆమే పోయింది. చంటిబిడ్డ హుమా మిగిలింది. మాట తప్పిన సిగ్గుతో సత్తార్ ఆ బొమ్మ సంగతి కూతురికి ఏనాడూ చెప్పలేదు. ఏటా పంద్రాగస్టుకు ముందు రంగులు దిద్దేటప్పుడు మాత్రం మూడో మనిషి దగ్గర ఒక పూట ఎక్కువ కూర్చునేవాడు.

సోమవారం గోడకు సున్నం కొట్టించి మహనీయుల ఫ్లెక్సీలు కట్టిస్తామని హెడ్‌మాస్టరమ్మ నందిని చెప్పింది. సత్తార్ వెంటనే కుప్పంలో కాపురముంటున్న హుమాకు ఫోన్ చేసి గుట్టంతా విప్పేశాడు.

"మీ అమ్మ మొగం ఈడ ఉండాది. వచ్చి సూసి పోమ్మా."

ఆదివారం మొదటి బస్సుకే హుమా వచ్చింది. తల్లి ఎలా ఉంటుందో ఎరగని పిల్ల, ఫొటో తీసుకుందామని ఫోన్ చేత పట్టుకుని, గోడ ముందు చెప్పులు విప్పి నిలబడింది. చాలాసేపు చూసింది. తర్వాత తన గడ్డం తడుముకుంది.

"అబ్బాజాన్, అమ్మకు గూడా ఈడ గాటు ఉండెనా?"

సత్తార్ కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. ఆ గాటు హుమాది. ఏడేళ్లప్పుడు బోరింగు పిడి తగిలి తెగింది. మైమూన్ గడ్డం నున్నగా ఉండేది. ఉండేదా? కళ్లు మూసుకుని వెతికాడు. ముక్కు, కనుబొమలు, నవ్వు, ఏది తలచుకున్నా హుమానే వచ్చి నిలబడుతోంది. దుఃఖం ముంచుకొచ్చింది.

"అది నువ్వే తల్లీ. మీ అమ్మ మొగం నా దగ్గర గూడా లేదు."

మైమూన్ చెరిపెయ్యమంది. ఇన్నేళ్లుగా దిద్దీ దిద్దీ తను చేసింది అదే.

హుమా ఫోన్‌ను మెల్లగా సంచిలో పెట్టుకుంది.