తాళాలవ్వ బతికున్న మూడు పుస్తకాలు

తాళాలవ్వ మూడో పుస్తకంలోనే చనిపోయిందన్న సంగతి నాకు ఆరో పుస్తకం పూర్తయిన ఎనిమిది రోజులకు తెలిసింది. అదీ నలభై మంది ముందు, చేతిలో మైకు ఉండగా. నాకు ముక్కు మీదే కోపమని మా కుట్టుకొట్లో అందరూ అంటారు. అందరూ అంటే ఇద్దరే లెండి, మా మాస్టరూ, మా వదినా. ఆ రోజు మాత్రం వెంటనే కోపం కూడా రాలేదు. ముందు తల కొట్టేసినట్టయింది. కోపం దారిలో వచ్చింది.

వదినంటే మా అన్నయ్య భార్య. తొమ్మిదేళ్ళుగా ఇద్దరం ఒకే కొట్లో, వెనక గదిలో పనిచేస్తున్నాం. ఆవిడది మిషను. నాది చేతిపని, అంటే కాజాలు, గుండీలు, అంచు మడతలు. మధ్యాహ్నం రెండింటికి మిషను ఆగుతుంది. అప్పటి నుంచి నాలుగు దాకా వదిన పుస్తకం చదువుతుంది, నేను వింటూ కుడతాను. ఆవిడ వంతు చేతిపని కూడా నేనే చేసేస్తాను. ఇది మా ఇద్దరి ఒప్పందం. కావలసిన వేళకు కాజాలు అందుతున్నాయి కనుక మాస్టరు కిక్కురుమనడు. పైగా తెర అవతల కత్తిరింపు బల్ల దగ్గర నిలబడి తనూ వింటాడు. అడిగితే లేదంటాడు.

నాకు చదవడం రాదనుకోకండి. వచ్చు. కానీ కూడబలుక్కుంటూ పేజీ చివరికి చేరేసరికి పేజీ మొదట్లో ఏం జరిగిందో మర్చిపోతాను. వదిన చదివితే వేరు. రాజుకో గొంతు, రెక్కల పాముకో గొంతు, తాళాలవ్వకైతే అచ్చం మా అమ్మ గొంతు. ఆవిడ నోట పడితే బట్టల కొట్టు రసీదు కూడా వినబుద్ధేస్తుంది.

పోయిన ఏడాది మొదట్లో మా గ్రంథాలయంలో చదువు పందెం పెట్టారు. ఏడాదిలో ఆరు లావు పుస్తకాలు పూర్తి చెయ్యాలి. ఒక్కోటి ఐదు వందల పేజీలకు తగ్గకూడదు. పూర్తయిన పుస్తకానికి కార్డు మీద ఒక గడిలో ముద్ర వేస్తారు. అందరికంటే ముందు ఆరు గడులూ నింపినవాళ్ళకు, అప్పుడే వచ్చిన ఉప్పుకోట నవలల వరసలో ఏడో పుస్తకం ముందుగా ఇస్తారు. గ్రంథాలయానికి వచ్చింది ఒకే ఒక్క ప్రతి. వదిన ఇద్దరి పేర్లూ రాయించి వచ్చింది.

"వినడం చదవడం కిందికి వస్తుందా?" అని అడిగాను.

"అడిగాలే. మేడమ్ వస్తుందంది. చెవులు మాత్రం మనిషివి కావా?" అంది.

అలా ఆ వరసలోని మొదటి ఆరు పుస్తకాలతో ఉప్పుకోటలో పడ్డాం. సముద్రం మధ్యలో ఉప్పుతో కట్టిన కోట, దానికి పన్నెండు తలుపులు. ఆ తలుపుల కాపలాదారు తాళాలవ్వ. నడుముకు పన్నెండు తాళంచెవులు వేలాడదీసుకుని, వచ్చినవాడు రాజైనా మాంత్రికుడైనా ముందు నాలుగు చీవాట్లు పెట్టి గానీ తలుపు తీయదు. తిట్టడమే ఆవిడ ముద్దు చేయడం. మా అమ్మ కూడా అంతే. నేను జ్వరంతో పడుకుంటే "ఎండలో తిరగమని నేను చెప్పానా" అంటూనే రాత్రంతా తడిగుడ్డ మార్చేది. అందుకే ఆ ముసలిదంటే నాకు ప్రాణం.

రెండో పుస్తకం సగంలో ఉండగా అమ్మ ఆసుపత్రిలో పోయింది. ఆ రోజు అమ్మ పక్కన వదిన ఉంది. పదకొండింటికి ఫోన్ చేసి "చిన్నీ, వచ్చెయ్" అంది. బడిపిల్లల చొక్కాలు నలభై, సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ఇంకా ఆరు చొక్కాలకి గుండీలు కుట్టాలి. "ఈ ఆరూ కానిచ్చి వస్తా" అన్నాను. నేను ఆసుపత్రి మెట్లెక్కేసరికి ఒంటిగంటన్నర. అమ్మ ఒంటిగంటకు వెళ్ళిపోయింది.

వరండాలో వదిన రెండు భుజాలూ పట్టుకుని అడిగాను, అమ్మ ఏమందని.

"దాన్ని హడావిడి పెట్టకండి, దానికి పనుంది, అంది. అంతే, నిద్రలోకి జారుకుంది. ఏమీ బాధపడలేదు చిన్నీ."

ఆ రెండు ముక్కలు పట్టుకునే నేను బతికి బట్టకట్టాను. అన్నం ముందు కూర్చున్నప్పుడు, సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు, ఆ ఆరు చొక్కాలు గుర్తొచ్చినప్పుడల్లా నాకు నేనే చెప్పుకునేదాన్ని. అమ్మకు తెలుసు, నాకు పనుందని.

నెల తర్వాత మూడో పుస్తకం మొదలెట్టాం. అందులో కోట మీదికి శత్రువులు వస్తున్నప్పుడే నేను వదినకు గట్టిగా చెప్పాను. "ఈ ముసలిదానికి ఏమైనా అయితే పుస్తకం అక్కడే మూసెయ్. పందెమూ వద్దు, ఏమీ వద్దు." ముప్పై ఒకటో అధ్యాయం మధ్యలో వదిన ఆగి, మంచినీళ్ళు తాగొస్తానని లేచింది. వచ్చాక మళ్ళీ అందుకుంది. వంతెన మీద గాయపడ్డ తాళాలవ్వ సైనికులతో "నా మనవరాల్ని పిలవకండ్రా, దానికి పనుంది" అని పడుకుంది. తెల్లారేసరికి లేచి అందరినీ తిట్టడం మొదలెట్టింది. నేను కుడుతున్న కోటు తడిసేలా ఏడ్చాను.

"అచ్చం అమ్మ మాటే వదినా."

"అవును కదా" అంది వదిన, పేజీ తిప్పుతూ.

ఆ తర్వాత తాళాలవ్వ కుంటుకుంటూ నాలుగు, ఐదు, ఆరు పుస్తకాల్లో తిరిగింది. ఏ పుస్తకం తెరిచినా పేజీల మధ్య వదిన చేతిరాతతో చీటీలు కనిపించేవి. ఆపిన చోటు గుర్తులనుకున్నాను. నా అంత తెలివైనది ఇంకోటి ఉండదు.

పందెంలో నా కార్డే ముందు నిండింది. వదిన తన కార్డులో ఒక గడి ఖాళీగా వదిలేసింది, ఏడో పుస్తకం నా చేతికే రావాలని. ముందు వచ్చినవాళ్ళు బహుమతి ఇచ్చే సభలో రెండు నిమిషాలు మాట్లాడాలని వారం ముందే వదినకు చెప్పారట. ఆవిడ నాకు చెప్పలేదు. "నేనెళ్ళి తెస్తాలే, నీకెందుకు ఆ రద్దీ" అంది. కానీ ఆ శనివారం ఓ కోటు లోపలి గుడ్డ ఊడిందని మాస్టరు ఆవిడ్ని మిషను ముందు కూర్చోబెట్టేశాడు. నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా మూడుసార్లు వచ్చింది.

"మాట్లాడమంటే గొంతు బాగాలేదని చెప్పెయ్. పుస్తకం తీసుకుని వచ్చెయ్. ఎవరితోనూ ముచ్చట్లు పెట్టుకోకు."

ఎంత శ్రద్ధో అనుకున్నాను.

నాకు మైకు ఇస్తే గొంతు బాగాలేదని ఎందుకు చెబుతాను? ఆరు పుస్తకాలు చదివిన మనిషిని. ఆరో పుస్తకంలో తాళాలవ్వ రాజు గడ్డం పట్టుకుని "ముందు బూట్లు తుడుచుకో, తర్వాత రాజ్యం ఏలుదువుగాని" అన్న ఘట్టం నాకెంతో ఇష్టమని చెప్పాను. ఆవిడ గొంతు కూడా పెట్టి చూపించాను. ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో కూర్చున్న పోస్టాఫీసు గుమస్తా కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఏ తాళాలవ్వండీ? మూడో పుస్తకంలో వంతెన మీద పోయిన ఆవిడేనా?"

"పోలేదండీ, కుంటిదైంది" అన్నాను.

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. గ్రంథాలయం మేడమ్ నా చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుని, "ఇన్ని పుస్తకాలు వరసగా చదివితే కలగాపులగం అవుతాయి, ఫర్వాలేదు" అంది. గుమస్తా పక్కవాళ్ళతో అన్న మాట కూడా నాకు వినిపించింది. "చదవకుండానే ముద్రలు వేయించుకుంటారు." ఏడో పుస్తకం నా చేతిలో పెట్టి చప్పట్లు కొట్టారు. ఎంతమంది కొట్టారో నేను చూడలేదు.

నేను సభలోంచి నేరుగా అలమారు దగ్గరికి వెళ్ళి మూడో పుస్తకం తీశాను. కిటికీ పక్క బల్ల మీద పెట్టుకుని ముప్పై ఒకటో అధ్యాయం తీసి, వేలు పెట్టి చదివాను. నాలుగు పేజీలకు ముప్పావు గంట పట్టింది. తాళాలవ్వ వంతెన మధ్యలో చతికిలబడింది. కోట వైపు చూస్తూ కూర్చుంది. ఎవరూ రాలేదు. తెల్లారేసరికి ఆవిడ లేదు. అంతే. సైనికులు లేరు. మనవరాలు లేదు. "దానికి పనుంది" అన్న మాట ఎక్కడా లేదు. వెనక్కి రెండు పేజీలు, ముందుకు రెండు పేజీలు వెతికాను.

ఆ మాట పుస్తకంలో లేకపోతే వదినదే. పుస్తకంలో వదిన కల్పించినదైతే, ఆసుపత్రి వరండాలో నాకు చెప్పింది ఎవరి మాట?

మూడోదీ ఏడోదీ రెండూ తీసుకుని కొట్టుకు నడిచాను. అరికాలి మంట నెత్తికెక్కింది. మాస్టరు టీకి వెళ్ళాడు. వెనక గదిలో వదిన మిషను మీద వంగి ఉంది. రెండు పుస్తకాలూ ఆవిడ ముందు పెట్టాను. మూడోది చూడగానే మిషను ఆగింది.

"ఎవరు చెప్పారు?" అంది.

"నలభై మంది. నా ముఖం మీదే."

"మూసెయ్యమన్నావు కదా చిన్నీ. అప్పటికి నువ్వు రోజుకు ఒక్కపూట కూడా సరిగ్గా తినడం లేదు. ఆ రెండు గంటలే నువ్వు మనిషిలా ఉండేదానివి. అది కూడా పోతే ఎలా అనిపించింది. ఒక్క రోజుకే బతికిద్దామనుకున్నా. తర్వాత ఆవిడ్ని ఎలా చంపాలో నాకు తెలీలేదు. రోజూ రాత్రి కూర్చుని మర్నాటి మాటలు చీటీల మీద రాసుకునేదాన్ని."

"బాగా రాశావు. నాకు నచ్చాయి కూడా. మూడు పుస్తకాల పాటు నా చెవిలో పువ్వులు పెట్టి, మీ ఇద్దరినీ ప్రేమించేలా చేశావు." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "తాళాలవ్వ సంగతి అయిపోయింది. ఇప్పుడు అమ్మ సంగతి చెప్పు. చివర్లో ఏమంది?"

"చెప్పాను కదా."

"నువ్వు చదివింది విన్నాను. అక్కడ రాసి ఉన్నది చెప్పు."

వదిన కోటు మడిచింది. మళ్ళీ విప్పింది. నేను కదలలేదు.

"నిద్రలో పోలేదు" అంది చివరికి. "తెలివిలోనే ఉంది. చిన్నది వచ్చిందా అని అడిగింది. దారిలో ఉందన్నాను. కాసేపాగి మళ్ళీ అడిగింది. మెట్లెక్కుతోందన్నాను. మూడోసారి అడిగేటప్పటికి అత్తయ్యకు చూపు ఆనడం లేదు. నా చేతిని ఆవిడ చేతిలో పెట్టి, ఇదిగో అత్తయ్యా, వచ్చింది, అన్నాను."

"నమ్మిందా?"

వదిన తల దించుకుంది.

"చెప్పు."

"నా వేళ్ళు తడిమింది. చూపుడువేలు కొస పట్టుకుని చాలాసేపు నొక్కి చూసింది. నీ వేలికి సూది పట్టి కాసిన కాయ ఉంటుంది కదా. నాకు లేదు. తొమ్మిదేళ్ళుగా నేను సూది పట్టిందెప్పుడు? ఏమీ అనలేదు చిన్నీ. చేయి వదిలేసి అటు తిరిగి పడుకుంది."

నా కుడిచేతి వేలు నేనే చూసుకున్నాను. కొసన గింజంత కాయ. అందులో సగం వదిన వంతు కుట్టుది. ఆవిడ చదువుతుంటే వినాలని ఇష్టపడి తెచ్చుకున్నది. అమ్మ చివరిసారి వెతికింది దీని కోసం. ఈ వేలు అప్పుడు బడిపిల్లల చొక్కాకి ఐదో గుండీ కుడుతోంది.

తిట్టాలని ఎన్నో మాటలు నోటిదాకా వచ్చాయి. అబద్ధాలకోరువి, అమ్మను చివరి నిమిషంలో కూడా మోసం చేశావు, నన్ను పది నెలలు చేశావు, అని. ఆ ఆరు చొక్కాలు వదిన కుట్టమనలేదు. అదొక్కటే నా నోరు కట్టేసింది. వదిన ఏడుస్తోంది. ఇంకెప్పుడైనా అయితే నేను కొంగుతో తుడిచేదాన్ని.

"ఏడోది మొదలెడదామా?" అంది కాసేపటికి, ముక్కు తుడుచుకుని. "ఉన్నది ఉన్నట్టు చదువుతా. నీ మీద ఒట్టు."

"నువ్వు చదవొద్దు" అన్నాను. "నువ్వు ఏం చదివినా ఇక నేను నమ్మను. నేనే చదువుతాను."

"నీకు ఏళ్ళు పడతాయి చిన్నీ."

"పట్టనీ. కాజాలు నువ్వు కుట్టు. నీవీ, నావీ."

సూదుల డబ్బా ఆవిడ వైపు నెట్టాను. వదిన సూది తీసి, మూడుసార్లు తడబడి దారం ఎక్కించింది. ఏడో పుస్తకం పక్కకు జరిపేసి మూడో పుస్తకం తెరిచాను. ముప్పై ఒకటో అధ్యాయం దగ్గర వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ గట్టిగా చదవడం మొదలెట్టాను. తాళాలవ్వ వంతెన మధ్యలో చతికిలబడింది. కోట వైపు చూస్తూ కూర్చుంది. ఎవరూ రాలేదు.

వదిన వేలికి సూది గుచ్చుకున్నట్టుంది, స్ అంది. నేను తలెత్తలేదు. తర్వాతి వాక్యం చదివాను.