కంచెకి కుడివైపు

సంప్రదించాలట, ఎవర్ని సంప్రదించాలి, ఈ ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లో నడవదు, తయారీదారును సంప్రదించండి అని తెర మధ్యలో తెల్లటి పెట్టె, ఆ తయారీదారు దుకాణం కట్టేసి ఎన్నేళ్ళయిందో, కింద సరే అని ఒకే ఒక్క మీట, సరి కాదు అని చెప్పడానికి ఇంకొకటి పెట్టాలని ఎవరికీ తోచలేదు, మాస్టారు సరే నొక్కాడు, అక్క పోయిన దగ్గర్నుంచీ చేస్తున్నది ఇదే, వచ్చినవాళ్ళల్లా ఏదో ఒకటి చెప్పడం, తను తలాడించడం, బడిలో తోటి టీచర్లయితే బాధ పెట్టుకోకండి మాస్టారూ అంటారు, అదేదో తను సరదాకి పెట్టుకున్నట్టు, సరే, మళ్ళీ తెర మీది ఆట గుర్తు మీద నొక్కి పాత పద్ధతిలో నడుపు అన్నచోట టిక్కు పెట్టాడు, ఏ పాతది అని అడిగితే ఉన్నవాటన్నిటికన్నా పాతది ఎంచాడు, తెర నల్లబడింది, నల్లబడి కాసేపు ఆశ పెట్టి, మళ్ళీ అదే తెల్లపెట్టె, నీ మొహం మండ, అన్నాడు పైకే, నన్నేనా అన్నాడు బావ పక్కగదిలోంచి, నిన్ను కాదులే అన్నాడు మాస్టారు, అనాల్సింది నిన్నే అనుకున్నాడు.

ఈ ఇంట్లో అక్క పాత కంప్యూటర్ ఉండి ఉంటే ఈ అవస్థే లేదు, మీట నొక్కితే కాసేపు గురక పెట్టి లేచేది, ఆట ఆడేది, బావ దాన్ని నెల తిరక్కుండా పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు, అక్క బట్టలు బీరువాలో అలాగే ఉన్నాయి, చెప్పులు గుమ్మం పక్కన అలాగే ఉన్నాయి, ఇల్లు దాటింది అదొక్కటే, అదేం చేసింది బావా నిన్ను అని అడిగితే, దాని ఫ్యాను చప్పుడు వినలేకపోతున్నానోయ్ అన్నాడు, ఉద్యోగమంతా బస్సు ఇంజను పక్కన కూర్చుని చేసిన మనిషికి ఫ్యాను చప్పుడు ఎక్కువైందట, పైగా ఫైళ్ళన్నీ కొత్తదాన్లోకి ఎక్కించమన్నాను, ఏమీ పోలేదు చూసుకో అని భరోసా, ఎక్కించిన షాపతనికి ఫోన్ చేస్తే, ఆ ఆట ఇందులో ఆడదు సార్, అయినా ఇంతకన్నా మంచి ఆటలు ఫోన్లోనే ఉన్నాయి కదా అన్నాడు, ఉంటాయి నాయనా, ఇంతకన్నా మంచి అక్కలు కూడా ఉంటారు, వెతుక్కుంటాను, ఆ మాట అనలేదు, థాంక్స్ అన్నాడు, ఈ నోటికి ఎప్పుడూ అంతే, అనాల్సింది మింగి థాంక్స్ చెప్పడం ఒక్కటే వచ్చు.

ఆటంటే పెద్ద ఆటేం కాదు, తెర నిండా గళ్ళు, గళ్ళలో ఒక దీవి, నాటుకోవడం, నీళ్ళు పెట్టుకోవడం, కాయలు కోసుకోవడం, మధ్యలో రాళ్ళు పేర్చి కంచె కట్టింది అక్కే, ఎడమవైపు నాది, కుడివైపు నీది, నా వైపు చెయ్యి పెట్టావో విరిచేస్తాను ఒరే అంది, ఆటకి ఆ సంగతి తెలీదు, దానికి దీవంతా ఒకటే, ఆ కంచె వీళ్ళిద్దరి మధ్యే చెల్లేది, ఒక రుతువు అక్క ఆడాలి, తర్వాతి రుతువు ఆదివారం వచ్చి తను ఆడాలి, ఇద్దరి జుట్లూ నెరిసినా ఆ వంతులు తప్పలేదు, బావ గుమ్మంలో నిలబడి, కూరకేమైనా దిగుబడి వస్తుందా మాస్టారూ, లేక కొనుక్కు రమ్మంటారా అనేవాడు, వచ్చిన ప్రతిసారీ అదే హాస్యం, ఒక్కనాడూ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్న పాపాన పోలేదు, చివరి వారంలో మాత్రం బావే ఫోన్ చేసి, మీ అక్క వంతు అయిపోయింది, ఇక నీదేనట, ఆదివారం రమ్మంటోంది అన్నాడు, ఆ ఆదివారం దాకా అక్క లేదు, ఆ ఆఖరి వంతులో ఏం నాటిందో, ఎక్కడ నాటిందో, అదొక్కటి చూడాలి, అంతకుమించి ఏమీ అడగడం లేదు, దానికి కూడా నడవదు, సంప్రదించండి, సరే.

పాత యంత్రంలా నటించే ప్రోగ్రాం ఒకటుందని ఎవరో ఎక్కడో రాశారు, దించుకున్నాడు, నటనే దిక్కయింది, నల్లటి తెర మీద అక్షరం అక్షరం కొట్టాడు, దాచిన ఆట ఏదీ లేదు అంది, లేకపోవడమేంటి, ఫైలు కళ్ళెదుట కనిపిస్తుంటే, పాత కంప్యూటర్‌లో అది రెండో అరలో, అంటే రెండో డ్రైవులో ఉండేది కాబట్టి ఈ మొద్దు ఇప్పటికీ రెండో అరలోనే వెతుకుతోంది, ఇల్లు మారిందని దీనికి ఎవరూ చెప్పలేదు, ఇదే నీ రెండో అర అనుకో అని ఇంకో వరస కొట్టాడు, నమ్మింది, నీలం తెర, కీచుమనే ఆ పాట, దీవి, ఊపిరి తీసుకునేలోపే దీవి పరుగెత్తింది, మబ్బులు సర్రుమని పోయాయి, ఆకులు పసుపు తిరుగుతున్నాయి, ఇదేమిటి, ఈ కొత్త యంత్రానికి తొందరెక్కువ, రుతువు మొత్తం రెప్పపాటులో మింగేస్తోంది, రుతువు ముగిస్తే దానంతటదే దాచుకుంటుంది, పాతదాని మీదే రాసుకుంటుంది, అక్క ఆడింది చెరిగిపోతుంది, ఆగు, ఆగవే, మీటలన్నీ కలిపి నొక్కేశాడు, తెర ఆరిపోయింది, ఇన్నేళ్ళుగా ముందు నకలు తీసి పెట్టుకోండి అని పిల్లలకి చెప్పే మనిషి నకలు తీయకుండా తెరిచాడు, ఆ ఫైలు తారీఖు చూశాడు, మారలేదు, పోలేదు, అప్పుడు తీశాడు నకలు, అప్పుడు వేగం తగ్గించాడు, తగ్గించి, ఇంకా తగ్గించి, మబ్బు మబ్బులా నడిచేదాకా తగ్గించి తెరిచాడు.

కంచెకి ఎడమవైపు ఖాళీగా ఉంది, దున్ని, నీళ్ళు పెట్టి, ఖాళీగా, మొక్కలన్నీ కుడివైపు ఉన్నాయి, తన వైపు, తను పోయిన ఏడాది నుంచీ చదును చేసుకుంటున్న గళ్ళలో వరసగా నారింజ మొక్కలు, ఎవరు పెట్టారు, అక్క పెట్టదు, ప్రాణం పోయినా కంచె దాటదు, ఎవరో వేలు పెట్టారు, ఆ షాపతను సరదాకి నొక్కి చూసి ఉంటాడు, అక్క ఆఖరి ఆట మీద వాడి చెయ్యి, బావా, బావా ఇటు రా ఒకసారి, దీన్ని ఎవరు ముట్టుకున్నారు, అని అరిచాడు, ఈ ఇంట్లో ఇంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు, బావ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తెర చూసి, నేనే అన్నాడు, నువ్వా, నేనే, మీ అక్క లేచి కూర్చోలేకపోయింది కదోయ్, ఆవిడ చెప్పింది, నేను నొక్కాను, ఎక్కడ చెప్పింది, ఇక్కడ చెప్పిందా అన్నాడు మాస్టారు, చెప్పినచోటే పెట్టాను, తప్పా అన్నాడు బావ, ఎలా పెట్టావు అని అడిగితే, తెర వెలుతురు కళ్ళకి పడటం లేదని దాని వీపు ఆవిడ వైపు తిప్పాను, నేను ఎదురుగా కూర్చున్నాను, దీవంతా కంఠతా ఉండేది ఆవిడకి, మొదట నోటితో చెప్పింది, దున్నడం, నీళ్ళు పెట్టడం, తర్వాత మాట రావడం కష్టమై కళ్ళు మూసుకుని వేలు ఇలా అనేది, నేను ఇలా నొక్కేవాణ్ణి, వేలు ఆగితే ఆపేవాణ్ణి, అని గాలిలో చెయ్యి కుడికి జరిపి చూపించాడు బావ.

ఎదురుగా కూర్చుంటే ఆవిడ ఎడమ నీకు కుడి అవుతుంది, ఆమాత్రం చిన్న తరగతి పిల్లలకి తెలుసు, ఊరంతా బస్సు తిప్పిన మనిషికి ఎడమేదో కుడేదో తెలియదా అన్నాడు మాస్టారు, అయ్యో అలాగా అన్నాడు బావ, పాడుచేశానన్నమాట, మరి చేయలేదా, ఆవిడ ఎడమవైపు నాటాననుకుని పోయింది, అక్కడ ఒక్క మొక్క లేదు, సరే వేలు చూసి పొరపడ్డావు, తెర మీద కంచె కనబడలేదా, ఇంత పొడుగు రాళ్ళ వరస, దాటి అవతల పెడుతున్నానని ఒక్కసారి తెర వంక చూస్తే తెలిసేది కదా, నాటినన్నిసార్లలో ఒక్కసారి, అని మాస్టారు అడుగుతూనే ఉన్నాడు, బావ తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టి, చూడలేదోయ్ అన్నాడు, చూసి ఉండను, ఇంకేదో అనబోయి మాస్టారు నోరు తెరిచాడు, చాలా మాటలే ఉన్నాయి, నెలల తరబడి మింగినవి, ఫ్యాను చప్పుడు గురించి, పాతసామాన్లవాడి గురించి, గుమ్మంలో నిలబడి వేసిన హాస్యాల గురించి, అవి అనేలోపు చూపు తెర మీద పడింది, ఎదురుగా మొక్కలు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా వంకర లేకుండా, వాటిలో ఏ ఒక్కటి నాటేటప్పుడూ బావ తెర చూడలేదు, అంతసేపూ అక్కనే చూస్తూ కూర్చున్నాడు.