తీర్పుల సంపుటంలో ఆకులు

సంచీ సర్దడం ఆమె పనే. రెండు తెల్ల చొక్కాలు, నల్లకోటు, గడ్డం గీసుకునే సామాను, కడుపుమంట మాత్రలు. ప్లీడరుగారు పెద్దకోర్టున్న ఊరికి వెళ్ళి రెండు రోజులుండాలి. సాక్సు జత కుదరకపోతే "ఇంట్లో ఉండి నువ్వు చేసేదేమిటి?" అంటాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళుగా అంటూనే ఉన్నాడు.

తెల్లవారకముందే వంట, అత్తగారి మోకాళ్ళకు మందు. తొమ్మిదింటికల్లా వీధి చివరి ఆసుపత్రిలో పనిచేసే నర్సుల పిల్లలు ఐదుగురు ముందుగదిలో దిగుతారు. "కడుపున కాయలేదుగా, ఊరి పిల్లల ముక్కులు తుడుస్తోంది" అని అత్తగారు వచ్చిపోయేవాళ్ళతో నవ్వుతూ చెబుతుంది. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక, భర్త కేసులకు పనికొచ్చే పాత తీర్పులు వెతికి, పేజీలో చీటీ పెట్టి, కాగితం మీద ఎత్తి రాస్తుంది. పెళ్ళినాటికి ఆమె చదివింది ఎనిమిదో తరగతి. నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని మిగతాదంతా తనే నేర్చుకుంది. వాదన బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే ఆయన ఆమె ఇచ్చిన టీ తాగుతూ "చాలా కష్టపడ్డానండీ" అంటాడు.

అది ఆకురాలు కాలం. పన్నెండు రోజుల కిందట పిల్లల్ని వీధిలోకి తీసుకెళ్ళి ఎర్రవీ పసుపువీ ఆకులు ఏరించింది. పచ్చిగా అతికిస్తే ముడుచుకుపోతాయి. బరువు కింద అణిగి ఆరాలి. ఇంట్లో బరువైనవి ఆయన తీర్పుల సంపుటాలే. నాలుగో సంపుటం ఎంచుకుని, ఒక్కో ఆకు పక్కన ఒక్కో పిల్ల పేరు రాసిన చీటీ పెట్టింది. ఆయన ఆ పుస్తకాన్ని ముట్టుకోడనుకుంది. కొన్ననాటి నుంచీ ముట్టుకోలేదు మరి. రేపటి గోడ తగాదా కేసుకు కావలసిన తీర్పు కూడా అందులోనే ఉంది. దాన్ని ఎత్తి రాసి సంచీలో పెడితే సర్దడం అయిపోతుంది.

"ఈసారి కాగితం వద్దులే. పెద్దకోర్టులో చేతిలో పుస్తకముంటే ఆ దర్జాయే వేరు" అంటూ ఆయన బీరువా తెరిచాడు.

"ఉండండి, నేను తీసిస్తా" అంటూ ఆమె వచ్చేలోగా ఆకులు జలజలా రాలాయి.

"ఇది లా పుస్తకమా, చెత్తబుట్టా? బుద్ధుందా నీకు?" పుస్తకాన్ని అట్టలు పట్టుకుని తలకిందులు చేసి దులిపాడు. ఆకులు, పేర్ల చీటీలు, తీర్పు దగ్గర పెట్టిన చీటీ, అన్నీ ఆయన కాళ్ళ దగ్గర పడ్డాయి.

"వాడికి అన్నం పెట్టే పుస్తకమమ్మా అది" అంది అత్తగారు మంచం మీంచి.

గుమ్మంలో జిగురు గిన్నె పట్టుకుని నిలబడింది నాలుగేళ్ళ పిల్ల. ఊపిరి తిప్పుకోకుండా ప్రశ్నలడుగుతుందని అందరూ దాన్ని ఎందుకమ్మ అంటారు.

"పెదనాన్నా, నా ఆకు తొక్కుతున్నావు."

ఆయన వినలేదు. పాదంతో అన్నిటినీ పక్కకు తోసి, సంచీ, పుస్తకమూ అందుకుని, వాకిట్లో ఆగాడు. "ఇంతకీ ఆ గోడ తీర్పు ఎన్నో పేజీ?"

నాలుగు వందల పన్నెండు. అంకె నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన అడగడమూ ఆమె అందించడమూ ఎంత అలవాటంటే, ఆపడానికి పళ్ళు బిగించాల్సి వచ్చింది.

"చీటీ పెట్టాను. మీరే దులిపేశారు."

"నీకు గుర్తుంటుందిగా, చెప్పు."

"నేను ఇంట్లో ఉండేదాన్ని. నాకేం తెలుస్తుంది?"

కారు హారన్ మోగింది. "వచ్చాక చెప్తా నీ పని" అని వెళ్ళిపోయాడు.

ఆమె నేల మీద కూర్చుంది. ఐదుగురూ చుట్టూ చేరి ముక్కలు ఏరారు.

"పెదనాన్న ఎందుకు తొక్కాడు?" అంది ఎందుకమ్మ.

"చూడలేదమ్మా."

"ఎందుకు చూళ్ళేదు?"

ఆయన మంచివాడే, తొందరలో ఉన్నాడు అని చెప్పబోయింది. పద్దెనిమిదేళ్ళుగా అందరికీ చెబుతున్న మాటే. ఈ పిల్లకు కూడా అదే నేర్పాలా అనిపించి ఒళ్ళు మండిపోయింది. "చూడాల్సిన పని ఆయనకెప్పుడూ పడలేదు" అంది.

ముక్కలకు జిగురు రాసి అతికించారు. ఒకటి పక్షి అయింది, ఒకటి చేప. ఎందుకమ్మ అతికించింది ఏమిటో ఎవరికీ తెలియలేదు. "ఇది కోపం" అని అదే చెప్పింది.

సాయంత్రం కూతుర్ని తీసుకెళ్ళడానికి ఎందుకమ్మ తల్లి వచ్చింది. ఆసుపత్రిలో నర్సుల పిల్లల కోసం గది పెడుతున్నారనీ, చూసుకునే మనిషికి జీతంతో పాటు ఉండడానికి చోటూ ఇస్తారనీ, ఆ పనికి రమ్మనీ పోయిన వారమే చెప్పిందామె. ఆయన్నడిగి చెప్తానంది ఈమె.

"అడిగావా అక్కా?"

"లేదు. రేపే వస్తా."

"మరి బావగారు?"

"ఊళ్ళో లేరు. నేనున్నాగా."

ఆడపడుచుకు ఫోన్ చేసి, రేపటి నుంచి మీ అమ్మగారి మోకాళ్ళకు మందు రాయాలి, పొద్దున్నే రండి అని చెప్పింది.

ప్లీడరుగారు కేసు ఓడిపోయి బుధవారం సాయంత్రం తిరిగొచ్చాడు. ఆమె మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్ళింది. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.