కుడి ట్యాంకు ముల్లు

తను నడిపే విమానంలోని ఇంధనం మీటరు మీద బావకు కాణీ నమ్మకం లేదు. ఆ చిన్న విమానాల మీటర్లు అలాంటివే మరి. ట్యాంకులో తేలే బెండు ఎక్కడో ఇరుక్కుంటుంది, ముల్లు సగం దగ్గర హాయిగా కునుకు తీస్తుంది. గాజు మీద వేలితో కొడితే ఉలిక్కిపడి లేచి ఇంకో అబద్ధం చెబుతుంది. అందుకే బావ బయల్దేరే ముందు రెక్క మీది మూత తీసి, గీతలు పెట్టిన కర్ర ముంచి చూసుకునేవాడు. ఎగిరాక ఎంతసేపైందో చూసి ఎంత ఖర్చయిందో లెక్కగట్టడానికి చేతి గడియారమే దిక్కు.

విమానాల మైదానం పక్క షెడ్డులో పరికరాలు బాగుచేసే మరదలు బెండే లేని బ్యాటరీ మీటరు తయారు చేసింది. ట్యాంకులో నిలువుగా ఒక గొట్టం, దాని లోపల సన్నని మరో గొట్టం. మధ్యలో ఇంధనం ఎంత ఎత్తుంటే ముల్లు అంత చూపిస్తుంది. కాళ్లావేళ్లా పడితే బావ కుడి ట్యాంకుకు మాత్రం పెట్టనిచ్చాడు.

ఆ ఉదయం ఆమె కుడి రెక్క పక్కనే నిలబడి చూస్తోంది. బావ కర్ర ముంచి, "నిండుగా ఉంది. చూశావా మరదలు పిల్లా, నా కర్రకు బ్యాటరీ కూడా అక్కర్లేదు!" అని ఏడిపించి, నవ్వుకుంటూ టపా సంచులతో ఎగిరిపోయాడు.

అక్క షెడ్డులోకి టీ తెచ్చేసరికి అక్కడి రేడియోలో బావ గొంతు. "ఏమే, నీ మీటరుకు అప్పుడే పిచ్చెక్కింది. కుడి ట్యాంకు పావు అంటోంది. గడియారం లెక్కన సగం పైనే ఉండాలి. సరస్సు కనిపిస్తోంది, దాటేస్తా."

సరస్సు మీద దిగే చోటు లేదు. రెండు ట్యాంకుల్లోనూ ఇంధనం ఉంటేనే అవతలి ఒడ్డు. మీటరు చెప్పింది నిజమైతే బావ నీళ్లలో పడతాడు. అబద్ధమైతే ఇంత కష్టమూ మట్టిపాలు. మరదలు తను వేసిన అతుకులన్నీ మనసులో ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుంది. తప్పు దొరకలేదు. మైకు చేతిలోకి తీసుకుని మళ్లీ మొదటి అతుకు నుంచి మొదలుపెట్టింది.

అక్క కప్పు పక్కన పెట్టింది. "చేసింది నువ్వేగా? నువ్వు నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నానక్కా."

అక్క మైకు లాక్కుంది. "ఏవండీ, మారు మాట్లాడకుండా వెనక్కి తిప్పండి."

రేడియో గరగరలాడింది. "సరే తల్లీ," అన్నాడు బావ.

చక్రాలు నేలను తాకేదాకా అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. తాకగానే మరదలు విమానం వైపు పరుగెత్తింది.

కుడి రెక్క మీద ట్యాంకు మూత గొలుసుకు వేలాడుతోంది, రెక్క వెనక అంచుదాకా తడి చార. పొద్దున మరదల్ని ఏడిపించే సంబరంలో బావ మూత బిగించడం మరిచాడు. రెక్క మీది గాలి దారి పొడవునా ఇంధనాన్ని పైకి లాగి పారబోసింది.

బావ నాలుక కరుచుకుని కర్ర తెచ్చి ముంచాడు. మరదలు లోపలికి వంగి ముల్లు చూసింది. రెండూ ఒకే మాట చెప్పాయి. అక్క ఏడుస్తూనే మొగుణ్ణి తిట్టింది, తిడుతూనే నవ్వింది.

బావ మూత బిగించాడు, నమ్మకం చాలక మళ్లీ బిగించాడు. తర్వాత సీట్లోకి వంగితే అలవాటుకొద్దీ వేలు మీటరు గాజు మీదికి వెళ్లింది. కొట్టలేదు. చొక్కా అంచుతో గాజు తుడిచాడు.

"ఎడమ ట్యాంకుకు ఎప్పుడు పెడతావే?" అని అడిగాడు.