దుప్పటికి అటు చివర

"నేను లేనూ?" అన్నాడు మా ఆయన.

అప్పుడు నేను ఆయన కాలి గోళ్లు తీస్తున్నాను. బొజ్జ అడ్డమొచ్చి ఆయన వంగలేడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి సరదాకి తీశాను. అదే ఉద్యోగమైపోయింది, జీతం లేదు, సెలవు లేదు. నా తలలో గడ్డ ఉందని తెలిశాక కూడా కాలు చాపాడు.

గడ్డ తీసేయాలన్నాడు డాక్టరు. తీశాక మాట పోవచ్చు, అసలు తెలివే రాకపోవచ్చు అనీ అన్నాడు. "అలా అయితే మీ తరఫున ఎవరు నిర్ణయాలు చెప్పాలో లాయరు దగ్గర రాసిపెట్టుకోండి. తెలివిలో ఉన్నప్పుడే రాయాలి." నాతో మొదలుపెట్టి, మా ఆయన వైపు తిరిగి ముగించాడు. నొప్పి ఎక్కడని నన్నడిగినా జవాబు ఆయనే ఇచ్చాడు. "వెనకాలండి. అంత పెద్ద నొప్పేం కాదు."

"నేనుండగా కాగితాలెందుకే? జనం మనం విడిపోతున్నామనుకుంటారు. చిటికెన వేలు చూసి తియ్యి, గుచ్చుకుంటోంది."

ఆయన ఉన్నాడనే నా భయం.

నేను ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తాను. మిషన్ల మోతలో పక్క మనిషి మాట వినపడదు. మేం చేతులతో మాట్లాడుకుంటాం. పెద్ద దుప్పటిని ఇస్త్రీ చేసే రోలర్లోకి పంపాలన్నా మడవాలన్నా ఇద్దరం కావాలి, చెరో చివర. ఒకసారి లాగితే సరే. రెండుసార్లు లాగితే ఆగు. రోలరు నిప్పులా కాలుతుంటుంది, చెయ్యి పోతే పోయినట్టే. అందుకని అటు మనిషి ఆగు అంటే ఇటు మనిషి ఆగాల్సిందే, ఎందుకని అడగకూడదు.

అత్తయ్యకి పక్షవాతమొచ్చి నోరు పడిపోయినప్పుడు ఈ భాష ఆమెకి నేర్పాను. ఆమె నాకేం మంచి అత్త కాదు. నా వంటకి, నడకకి, ఆఖరికి నా దగ్గుకి కూడా వంక పెట్టిన మనిషి. ఎడమ చెయ్యి ఒక్కటే ఆడేది. దుప్పటి అంచు ఆ చేతికిచ్చేదాన్ని. గంజి ఇంకొంచెం పొయ్యనా అంటే రెండుసార్లు లాగేది. పక్కకి తిప్పనా అంటే ఒకసారి. వంట బాలేదని చెప్పడానికి టపటపా లాగేది, నోరు పడిపోయినా వంక మానలేదు. ఆమె అన్నేళ్లలో నాతో సూటిగా మాట్లాడింది అప్పుడే. కొడుకులకి మాత్రం అది వణుకు. "అమ్మకేం తెలుస్తుంది పాపం" అని ఆమె మొహం మీదే అనేవాళ్లు. చెవులు బానే ఉన్నాయి ఆమెకి.

మింగలేకపోతోందని ఆసుపత్రిలో పెట్టాక ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు. నేను అంచు చేతికిచ్చి అడిగాను. రెండుసార్లు లాగింది. మళ్లీ అడిగాను. ఇంకా గట్టిగా, రెండుసార్లు. బయటికొచ్చి చెప్తే మరిది నవ్వాడు. "వదిన అమ్మని కూడా లాండ్రీలో చేర్చేసింది."

మా ఆయన నవ్వలేదు. "కన్న కొడుకులం ఇద్దరం ఉన్నాం. మధ్యలో నువ్వెవరు?"

సంతకం పెట్టాడు. గొట్టం వేశారు. ఆమె పీకేసింది. మళ్లీ వేసి, ఆ ఎడమ చేతిని మంచం కమ్మీకి గుడ్డతో కట్టేశారు. చెయ్యి కట్టేశారని అందరూ అనుకున్నారు. నోరు కట్టేశారని నాకొక్కదానికే తెలుసు. అలా చాలా కాలం బతికింది. కొడుకులంటే ఇలా ఉండాలని చుట్టాలు మెచ్చుకున్నారు. గొట్టం కడిగింది నేను, కట్టు కింద మణికట్టు ఒరుసుకుపోతే మందు రాసింది నేను. రాసేటప్పుడు ఆమె నా వైపు చూసే చూపుకి మాత్రం నా దగ్గర మందు లేదు.

మా ఆయన రాక్షసుడేం కాదు. తల్లి పోతే గుక్కపట్టి ఏడ్చాడు. వద్దు అన్న మాట ఆయనకి వినపడదు, అంతే. నా ఒంటి విషయంలోనూ ఆ మాట ఆయనకి ఏనాడూ వినపడలేదు. రేపు నేను మంచంలో పడితే నా వేళ్లు ఏమన్నా అది వణుకే.

లాండ్రీలో అటు చివర నిలబడే ఆమెని మా సూపర్‌వైజరు గయ్యాళి అంటాడు. నిలబడి కాళ్లు వాస్తున్నాయని స్టూళ్ల కోసం కొట్లాడి తెప్పించింది, ఆ పేరు అందుకొచ్చింది. టీ వేళ మిషన్లు ఆగాక, నా తరఫున నిర్ణయాలు చెప్పమని ఆమెని అడిగాను.

"నన్నా?" అంది. "నీ మొగుడు నా మీదికి రాడూ?"

"వస్తాడు."

"మరి నేనెందుకే?"

"నువ్వు గయ్యాళివి కదక్కా."

నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి గ్లాసు కింద పెట్టింది. "బతికించమంటే కొట్లాడతా. చాలించమంటే ఇంకా ఎక్కువ కొట్లాడాలి. ఎప్పుడు ఏదో ఇప్పుడే నోరు తెరిచి చెప్పు. తర్వాత నన్ను దయ్యమై పట్టుకుంటే ఊరుకోను."

చెప్పాను. ఏ వైద్యం కావాలో, ఎక్కడితో ఆపాలో, చేతులు ఎవరూ కట్టకూడదని. నేను ఏడవలేదు. ఆమె ఏడ్చింది, గయ్యాళి.

లాయరు దగ్గరికి మా ఆయన కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ఇస్త్రీ నాదే. లాయరమ్మ "మీ తరఫున ఎవరు?" అని నన్నడిగింది. "నేనేనండి" అన్నాడు ఆయన, పెన్ను కూడా తీశాడు.

"మీరు కాసేపు బయట కూర్చోండి."

"నా భార్యండి."

"అందుకేనండి."

తలుపు మూశాక గదిలో ఎంత నిశ్శబ్దమంటే నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మొదటిసారి నా జవాబులన్నీ నేనే చెప్పాను. లాండ్రీలో అటు చివర నిలబడే ఆమె పేరు చెప్పాను. చేతుల సంగతి ముందు రాయించాను.

బయటికి వచ్చేసరికి ఆయన నా మొహం చూసి కనిపెట్టేశాడు. "ఎవరు? ఆ దుప్పట్లు మడిచేదా? ఇన్నేళ్లు కాపురం చేశాను నీతో. నీ గురించి నాకు తెలియంది దానికేం తెలుసు?"

"నేను వద్దంటే ఆగుతుంది" అన్నాను.