దొరసాని దగ్గు

దొరసాని మళ్ళీ మొదలుపెట్టింది. పొట్ట నేలకు ఆనించి, మెడ ముందుకు చాచి, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు దగ్గుతోంది. పిల్లి అన్నాక ఒళ్ళు నాక్కోవడం, మింగిన వెంట్రుకలు కక్కుకోవడం మామూలే కదా అని అక్క ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. కానీ నెలన్నరగా దగ్గే తప్ప ఒక్క వెంట్రుకా బయటపడలేదు.

అమ్మ పోయి నాలుగు నెలలైంది. సామాను పంచుకున్న రోజున చెల్లెలు కుట్టుమిషను తీసుకుంది, అమ్మ పెంచిన పిల్లిని అక్క తెచ్చుకుంది. మొన్న ఆఫీసు పనిమీద ఊరెళ్తూ దొరసానిని మూడు రోజులు చెల్లెలింట్లో వదిలింది. తిరిగొచ్చేసరికి అది చెల్లెలి ఒళ్ళో వెల్లకిలా పడుకుని ఉంది.

"మా ఇంట్లో ఒక్కసారి కూడా దగ్గలేదక్కా," అంది చెల్లెలు, దాని గడ్డం కింద గోకుతూ.

"మూడు రోజులకే అన్నీ తెలిసిపోయాయా నీకు?"

"నాకేం తెలీదు. దానికే తెలిసినట్టుంది."

ఇంటికి తెచ్చిన సాయంత్రమే దగ్గు తిరగబెట్టింది. అక్క కడుపు రగిలిపోయింది. చెల్లెలి ఇంట్లో కుర్చీ మీద బట్టలుంటాయి, బట్టల మీద పుస్తకాలుంటాయి, వాటి మీద ఎంగిలి గ్లాసుంటుంది. ఆ ఇంట్లో ఆడిన ఊపిరి అద్దంలాంటి తన ఇంట్లో ఆడదా? అమ్మకు ఎలాగూ చిన్నదే ముద్దు. చివరికి పిల్లికి కూడానా?

జంతువుల ఆస్పత్రికి చెల్లెలు పిలవకుండానే వచ్చింది. బెంచీ మీద ఒకావిడ పక్కన చప్పిడి ముక్కు కుక్క కూర్చునే గురక పెడుతోంది.

"మా ఆయనే నయం. పక్కకి తిప్పితే ఆపుతాడు," అందావిడ. చెల్లెలు పకపకా నవ్వింది. అక్క నవ్వలేదు.

డాక్టరమ్మ దొరసాని ఛాతీకి గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. "పిల్లికూతలు వినిపిస్తున్నాయి."

"పిల్లి కాక ఇంకేం కూస్తుంది డాక్టరుగారూ!" అంది చెల్లెలు.

"ఉబ్బసం అమ్మా. మనకొచ్చేలాంటిదే." డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి ఊపిరితిత్తుల్లోని తెల్లటి గీతలు చూపించింది. "గాల్లో కలిసేవి ఏవైనా దీన్ని రేపుతాయి. పొగ, సెంటు, పౌడరు. ఇంట్లో అలాంటివేమైనా ఉన్నాయా?"

"లేవండీ," అంది అక్క. "మా ఇంట్లో ఉన్న మూడు రోజులూ దగ్గలేదండీ," అంది చెల్లెలు.

సామాను పంచుకున్న రోజున చెల్లెలు ఇల్లంతా తలకిందులు చేసి వెతికింది అమ్మ పౌడరు డబ్బా కోసమే. అమ్మ వాసన ఇక దాంట్లోనే మిగిలిందక్కా అంటూ. అక్క కూడా ఆమెతోపాటు మంచం కిందికి వంగి వెతికింది. డబ్బా అప్పటికే తన సంచిలో ఉంది. నాటి నుంచి రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే తలగడ మీద చిటికెడు చల్లుకుంటోంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. ఆ తలగడలోనే దొరసాని ముక్కు దూర్చి పడుకుంటుంది.

"అయితే చెల్లెలుగారింట్లోనే ఉంచెయ్యండి," అంది డాక్టరమ్మ. "ఇలాగే సాగితే ఒకరోజు ఊపిరందక ప్రాణం మీదికొస్తుంది."

చెల్లెలి చెయ్యి అప్పుడే పిల్లి బుట్ట పిడి మీద పడింది. అక్క ఆ చేతినే చూసింది.

"పౌడరుంది," అంది.

"ఏం పౌడరు?" అంది చెల్లెలు.

"అమ్మది."

బయట కుక్క గురక గదిలోకి వినిపించింది.

"నాతోపాటు మంచం కింద కూడా వెతికావు కదక్కా."

"వెతికాను."

డాక్టరమ్మ ఏమీ విననట్టు పీల్చే మందు గొట్టం బయటికి తీసింది. గొట్టానికి చిన్న ముసుగు తగిలించి ఉంది. "దీన్ని ముక్కుకి ఆనించి, పది ఊపిర్లు పీల్చేదాకా కదలకుండా పట్టుకోవాలి. ఎవరు పట్టుకుంటారు?"

"నేను," అన్నారు ఇద్దరూ.

ఇంటికొచ్చాక అక్క తలగడ గలీబులన్నీ సబ్బునీళ్ళలో ముంచింది. డబ్బా తెచ్చి చెల్లెలి ముందు పెట్టింది.

"పిల్లిని కూడా ఇవ్వు," అంది చెల్లెలు. "ఇన్నాళ్ళూ దాచినందుకు."

"ఈ డబ్బా ఉన్న ఇంటికి పిల్లెలా వస్తుందే? ఏదో ఒకటి తేల్చుకో."

చెల్లెలు దొరసాని వీపు నిమిరింది. ఒకసారి, మరోసారి. తర్వాత డబ్బా తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

అక్క కిటికీ మూసి, పిల్లిని ఒళ్ళో ఒడిసిపట్టి ముసుగు ఆనించింది. ఒకటి, రెండు, మూడు. కిటికీ అద్దంలోంచి చూస్తే చెల్లెలు వీధిలోనే ఆగిపోయింది. డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఆరు, ఏడు. దొరసాని మెడ తిప్పి వీధివైపు చూసింది. ముసుగు జారింది.

అక్క కడుపులో మళ్ళీ అదే మంట రేగింది. అక్కడ నిలబడి వాసన చూస్తున్నదాన్ని చూసో, ఇక్కడ ఒళ్ళో ఉండి అటు చూస్తున్నదాన్ని చూసో ఆమెకే తెలియలేదు. పిల్లి మొహాన్ని మెల్లగా తనవైపు తిప్పుకుని, ముసుగు సరిగ్గా ఆనించి, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.